పోయినవాటి పట్టీ

(అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినమైన జూన్ 9న తిరుపతిలో చరిత్ర విద్యార్థులు, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగం పాఠం)

సభాసదులకు నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం "విపత్తుల్లో చారిత్రక దస్త్రాల నష్టం". ఈ విషయం ఎత్తుకున్నవాళ్లు సాధారణంగా నలందాతోనో అలెగ్జాండ్రియాతోనో మొదలుపెడతారు. నాకు అంత దూరం పోవాలనిపించలేదు. నా జేబులో ఒక రసీదు ఉంది. దానితో మొదలుపెడతాను.

1984 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గ్రామ కరణాల, మునసబుల పదవులను రద్దు చేసిన సంగతి ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. తరతరాలుగా కరణాల ఇళ్లలో, అటకల మీద, భోషాణాల్లో ఉన్న గ్రామ లెక్కలను అప్పగించవలసి వచ్చింది. స్వర్ణముఖి ఒడ్డున ఒక చిన్న గ్రామానికి మా తాతగారు కరణం. ఆయన తన దగ్గరున్నదంతా ఒక పాత దుప్పట్లో మూటకట్టి, ఎద్దులబండి మీద తీసుకుపోయి అప్పగించి, ఈ రసీదు తెచ్చుకున్నారు. దీని మీద తేదీ ఉంది, సంతకం ఉంది, ముద్ర కూడా ఉంది. వివరాలు రాయవలసిన గడిలో ఏం రాశారో చదువుతాను, వినండి: "గ్రామ లెక్కలు, మూట 1". ఇంకేమీ లేదు.

ఆ మూటలో ఏముండేదో నాకు కొంత గుర్తుంది. ఏ చేనులో ఏ పంట ఉందో రాసే అడంగల్ పుస్తకాలు, ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే 10(1) లెక్కలు, సర్వే నంబర్లవారీగా ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే ఉండే డైగ్లాట్, వీటికి తోడు మా తాతగారి తాతగారి చేతిరాతలో ఒక పొడుగాటి పుస్తకం. ఆ పుస్తకంలో ఊరి చెరువుకు ఏ తూము కింద ఎవరిది ఎన్నో వంతు, వానలు తప్పిన ఏడాది ఆ వంతులను ఎట్లా కుదించుకోవాలి, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటికి ఇంటింటి నుంచి ఎంత ధాన్యం రావాలి అన్నవి వరసగా రాసి ఉండేవి. అది ఏ ప్రభుత్వ ఫారంలోనూ ఇమిడే లెక్క కాదు, కాబట్టి దానికి నంబరు లేదు. అది కూడా మూటలోకే పోయింది.

2021 నవంబరు వానలు మీరందరూ చూసినవే. ఆ నెల మూడో వారంలో తిరుమల ఘాటు రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లవాళ్లు రాత్రుళ్లు నిద్రపోలేదు. ఆ మూట చేరిన ఆఫీసు పేరు చెప్పను. ఆ ఆఫీసు కింది అంతస్తులోని రికార్డు రూములో మూడు రోజులు నీళ్లున్నాయి. నేను పది రోజుల తర్వాత వెళ్లి అడిగితే, తడిసిన కట్టలను ఎండలో పరిచామని, అవి అట్టల్లాగా అతుక్కుపోయి బూజు పట్టాయని, చివరికి పాత కాగితాల కింద తూకానికి ఇచ్చేశామని చెప్పారు. అందులో మా ఊరి మూట ఉందా అని అడిగాను. అక్కడి ఉద్యోగి చాలా మర్యాదగా, "సార్, ఏ మూటలో ఏముందో మాకూ తెలియదు, పాత కాగితాలు అంతే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నా చేతిలోని రసీదు కూడా అంతకంటే ఎక్కువ చెప్పడం లేదు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దీని చుట్టూనే తిరుగుతుంది. నిప్పు, నీరు, చెద, కూలిన కట్టడం, ఇవన్నీ దస్త్రాలను నాశనం చేస్తాయి. కానీ ఏం ఉండేదో రాసిపెట్టిన పట్టీ ఉన్నచోట జరిగే నష్టం వేరు, ఆ పట్టీ లేనిచోట జరిగే నష్టం వేరు. మొదటిదానిలో పోయినదాన్ని వెతుక్కోవచ్చు. రెండోదానిలో పోయిందని చెప్పడానికి కూడా సాక్ష్యం ఉండదు. దీనికి రెండు నగరాల కథలు చెబుతాను.

మొదటిది డబ్లిన్. ఐర్లండు దేశపు పబ్లిక్ రికార్డు ఆఫీసు అక్కడి ఫోర్ కోర్ట్స్ న్యాయస్థానాల ఆవరణలో ఉండేది. ఏడు శతాబ్దాల దస్త్రాలు అందులో ఉండేవి. 1922లో అంతర్యుద్ధం మొదలవడానికి కొద్ది నెలల ముందే ఒక వర్గం ఆ ఆవరణను ఆక్రమించి, రికార్డు ఆఫీసులోనే మందుగుండు నిల్వ చేసుకుంది. కొత్త ప్రభుత్వ సేనలు ఫిరంగులతో ముట్టడించాయి. జూన్ 30న పెద్ద పేలుడు జరిగి భాండాగారమంతా తగలబడింది. కాలిన కాగితపు ముక్కలు గాలికి లేచి నగరమంతా రాలాయని చెబుతారు. 1821 నుంచి 1851 దాకా పదేళ్లకొకసారి తీసిన జనాభా లెక్కల మూల పత్రాలు దాదాపు అన్నీ పోయాయి. శతాబ్దాల వీలునామాలు పోయాయి. చర్చి రిజిస్టర్ల సంగతి మరీ విచిత్రంగా ఉంటుంది. ఊళ్లో భద్రంగా దాచే సౌకర్యం లేని చర్చిలు తమ బాప్తిస్మ, వివాహ, ఖనన రిజిస్టర్లను రాజధానికి పంపాలని అంతకుముందే చట్టం వచ్చింది. తమ దగ్గర మంచి బీరువా ఉందని చూపించుకున్న చర్చిలకు వాటిని ఉంచుకునే వీలు దొరికింది. భద్రత కోసం రాజధానికి చేరినవి కాలిపోయాయి, పల్లెలో ఉండిపోయినవి మిగిలాయి.

అయితే ఆ ఆఫీసులో పనిచేసిన హెర్బర్ట్ వుడ్ అనే అధికారి, మంటలకు మూడేళ్ల ముందు, అంటే 1919లో, అక్కడున్న దస్త్రాలకు ఒక మార్గదర్శినిని అచ్చువేయించి ఉన్నాడు. ఏ శాఖవి, ఏ కాలానివి, ఏ వరుసలో ఉన్నాయి అన్న వివరమంతా అందులో ఉంది. అది అచ్చయిన పుస్తకం కాబట్టి దాని ప్రతులు అనేక చోట్ల ఉన్నాయి. వందేళ్ల తర్వాత డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పండితులు ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, అందులోని ఒక్కొక్క వరుసకూ ప్రపంచంలో ఎక్కడైనా నకలు దొరుకుతుందా అని గాలించారు. లండన్‌లో ప్రభుత్వ నకళ్లు దొరికాయి, వకీళ్లు తమ అవసరానికి ఎత్తి రాసుకున్నవి దొరికాయి, వంశచరిత్రలు రాసేవాళ్లు తమ నోటు పుస్తకాల్లోకి దించుకున్నవి దొరికాయి. 2022 జూన్‌లో, నష్టం జరిగి సరిగ్గా నూరేళ్లు నిండే సమయానికి, వాటన్నిటినీ పాత అల్మారాల క్రమంలోనే అమర్చి కంప్యూటరులో తెరిచారు. కాలిన కాగితం తిరిగి రాలేదు. కానీ ఖాళీ అల్మారాలో ఎక్కడ ఏముండేదో తెలుసు కాబట్టి, దొరికిన ప్రతి నకలుకూ ఒక చోటు ఉంది.

రెండో నగరం అమెరికాలోని సెయింట్ లూయిస్. అక్కడ సైనికోద్యోగుల సర్వీసు రికార్డులన్నీ ఒకే పెద్ద భవనంలో ఉండేవి. 1973 జూలై 12 అర్ధరాత్రి దాటాక ఆరో అంతస్తులో నిప్పంటుకుంది. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఆ అంతస్తులో లేవు. మంటలు పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. సుమారు 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు పోయాయని అంచనా. నేను అంచనా అన్న మాట కావాలనే వాడుతున్నాను. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ములు లేవు, సూచిక కూడా అంతకుముందు తయారుచేయలేదు. కనుక ఏ ఫైళ్లు పోయాయో పూర్తి జాబితా నేటికీ లేదు. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో 80 శాతం పోయాయన్న లెక్క మాత్రం ఉంది. ఆ తర్వాత యుద్ధంలో గాయపడినవాడు పింఛనుకు అర్జీ పెట్టుకుంటే, జీతాల లెక్కల నుంచి, ఆస్పత్రి చీటీల నుంచి, ఇతర శాఖల కాగితాల నుంచి అతని సర్వీసును ముక్కముక్కగా కూర్చవలసి వచ్చింది. చరిత్ర దస్త్రం పోతే చరిత్రకారుడికి తప్ప ఎవరికి నష్టం అనే మాట మన ఆఫీసుల్లో వినబడుతూ ఉంటుంది. ఆ మాట అనేవాళ్లు ఈ పింఛనుదారులను తలుచుకోవాలి.

జర్మనీలోని కొలోన్ నగరం గురించి క్లుప్తంగా చెప్పి మన ఊరికి వచ్చేస్తాను. 2009 మార్చి 3న ఆ నగరపు ఆర్కైవ్స్ భవనం, పక్కనే భూగర్భ రైలు మార్గం కోసం తవ్వుతున్న గుంటలోకి కుప్పకూలింది. పక్క ఇళ్లలోని ఇద్దరు యువకులు చనిపోయారు. అల్మారాల పొడవు లెక్కన 30 కిలోమీటర్ల దస్త్రాలు మట్టిలో, భూగర్భ జలంలో కలిశాయి. వెయ్యేళ్ల కాగితాలు, తోలు పత్రాలు అందులో ఉన్నాయి. రెండేళ్లకు పైగా తవ్వి దాదాపు 95 శాతం బయటికి తీశారు, కానీ నలిగి చినిగిన ముక్కలుగా. ఆ పనిలో వాళ్లకు ఎంతో అక్కరకు వచ్చింది, పాత దస్త్రాల్లో చాలావాటిని ముందే మైక్రోఫిల్ము తీసి, దేశానికి మరో మూలన ఉన్న పాత గని సొరంగంలో దాచి ఉంచడం. భవనం 1971 నాటిది, కొత్తదే. ఇంజనీర్ల దేశం. అయినా కూలింది.

ఇక తిరుమల. ఈ కొండ మీద ఈ పాఠాన్ని ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే నేర్చుకున్నారని నా అభిప్రాయం. 13వ శతాబ్దంలో వీర నరసింగ యాదవరాయల కాలంలో గర్భాలయం చుట్టూ కొత్త కట్టడం తలపెట్టినప్పుడు, పాత గోడల మీది శాసనాలు ఆ రాళ్లతోపాటు పోకుండా, వాటి పాఠాన్ని ఎత్తి కొత్త గోడల మీద మళ్లీ చెక్కించారు. ఆలయం అన్నాక జీర్ణోద్ధరణ తప్పదు, పాత రాయి తీయకా తప్పదు. కానీ ఆ రాయి మీద ఒక భక్తుడు ఇచ్చిన భూమి లెక్క ఉంది, నైవేద్యానికి కట్టిన వడ్డీ ఉంది, రోజుకు ఎన్ని కొలతల బియ్యం, ఎంత నెయ్యి అన్న కట్టుబాటు ఉంది. రాయి కొత్తదైనా మాట పాతదే ఉండాలని వాళ్లు చూసుకున్నారు. 1930లలో దేవస్థానం ఆ శాసనాలను సంపుటాలుగా అచ్చువేసింది. అందుకు పూనుకుని, కొండ మీదా కిందా గోడ గోడా తడిమి చదివిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారికి ఈ ఊరు ఎంత రుణపడిందో ఈ ఊరికే సరిగా తెలియదు. ఈ రోజు ఒక మండపం పడిపోయినా, ఒక గోడకు సున్నం మెత్తినా, ఆ శాసన పాఠం అచ్చులో ఉంది.

రాయి శాశ్వతం కదా, దానికి నకలు ఎందుకు అనేవాళ్లు ఉంటారు. శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. 2010 మే 26న అది నిట్టనిలువునా కూలింది. మనలో చాలామంది మర్నాడు పోయి ఆ రాళ్ల గుట్టను చూసి వచ్చినవాళ్లమే. 2017లో కొత్త గోపురం లేచింది, అది వేరే సంగతి.

తాళ్లపాక వారి రాగిరేకుల ముచ్చట చెప్పకుండా తిరుపతిలో ఈ విషయం మీద మాట్లాడితే మీరు ఒప్పుకోరు. అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి, ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. తాటాకులో రాయవలసినదాన్ని రాగిలో చెక్కించడమంటే అంత ఖర్చు, అంత శ్రమ; చెదకూ నీటికీ లొంగని వస్తువును వెతికి ఎంచుకున్నారన్నమాట. ఆ భాండారపు గది శతాబ్దాల పాటు మూతబడి ఉండి, 20వ శతాబ్దం తొలి పాదంలో మళ్లీ వెలుగు చూసింది. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపదలో చెప్పాడు. మనకు దొరికినవి సుమారు 12 వేలు. అంటే దాదాపు మూడింట రెండు వంతులు పోయాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ 32 వేలన్న అంకె చిన్నన్న చెప్పకపోయి ఉంటే, దొరికిన 12 వేలనే సమస్తమని మనం అనుకుని తృప్తిపడి ఉండేవాళ్లం. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు కూడా ఉంది. ఆ రాగంలో ఆ పాటను ఎట్లా పాడేవారో మాత్రం లేదు. పేరు మిగిలింది కాబట్టే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు ఆ పేరు పట్టుకుని స్వరం కట్టగలిగారు. పట్టీలో ఒక్క మాట ఉన్నా, తర్వాతివాడికి చేయి ఆనించడానికి ఒక గోడ ఉన్నట్టే.

ఆలయ పరిపాలనకు సంబంధించిన కాగితాల పేర్లు వినండి: సవాల్ జవాబ్ పట్టీ, దిట్టం, పైమాయిషీ లెక్క, కైంకర్యపట్టీ, 1821 నాటి బ్రూస్ కోడు. కుంఫిణీవారు, అంటే ఈస్టిండియా కంపెనీవారు, నేరుగా ఆలయ వ్యవహారాలు చూసిన కాలంలో ఎవరు ఏ సేవ చేయాలి, ఎవరికి ఏ మర్యాద, ఎంత ప్రసాదం అన్న ప్రశ్నలన్నిటికీ రాతపూర్వకంగా సమాధానం కావలసివచ్చింది. 1843లో పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతికి, 1933లో దేవస్థానానికి వచ్చింది. ఇన్ని చేతులు మారినా ఆ కాగితాల పేర్లు మన నాలుక మీద ఉన్నాయంటే కారణం, ప్రతి వివాదంలోనూ వాటిని కోర్టులో చూపించి, నకలు తీయించి, తీర్పుల్లోకి ఎక్కించడమే. వ్యాజ్యం మంచిది కాదంటారు పెద్దలు. కాగితానికి మాత్రం వ్యాజ్యమే ఆయుష్షు పోసింది.

పల్లెల కాగితానికి ఆ అదృష్టం పట్టలేదు. 1800 ప్రాంతాల్లో కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు, వాళ్ల వెంట మరికొందరు గుమస్తాలు, ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే పాత గ్రామ లెక్కల పుస్తకాలు, చూసి, వాటినుంచి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. మెకంజీ 1821లో చనిపోయాక, ఆ సేకరణకు విల్సన్ అనే పండితుడు 1828లో కలకత్తాలో ఒక వివరణ పట్టిక అచ్చువేశాడు. తర్వాత మదరాసు చేరిన తెలుగు కైఫీయత్తులు పురుగు తిని, సిరా చెదిరి, ముట్టుకుంటే పొడి అయ్యే స్థితికి వచ్చినప్పుడు, సి.పి.బ్రౌన్ వాటిని కొత్త కాగితం మీద తిరగ రాయించాడు. ఇప్పుడు మనం చదువుతున్నవి చాలావరకు ఆ నకళ్లే. మూలమైన దండకవిలెలు ఏమయ్యాయంటే, అవి మా తాతగారి మూట వంటి మూటల్లోకే పోయాయి. అంటే మన ఊళ్ల చరిత్రలో మిగిలినది నకలుకు నకలు. అది కూడా లేకపోతే ఏమీ లేదు.

మన జిల్లాకు ఇంకో చిక్కు ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీలు. కాబట్టి మన పాత కాగితం ఒక చోట లేదు. కొంత వేలూరులో, కొంత కడపలో, చాలా భాగం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు ఇందులో కలిశాయి, వాటి కాగితాల సంగతి వాటిదే. ఒక జిల్లా చీలినప్పుడల్లా బీరువాలు లారీలు ఎక్కుతాయి. ఇక్కడున్న రెవెన్యూ మిత్రులు ఒప్పుకుంటారో లేదో కానీ, వరద కంటే లారీ ప్రయాణంలో తప్పిపోయిన ఫైళ్లే ఎక్కువని నా అనుమానం.

ఫైలు ముగించేటప్పుడు దాని మీద వేసే అక్షరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతం, డి.డిస్. అని వేస్తే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. ఒక చెరువు వంతుల తగాదా మీద రాసిన ఫైలుకు, ఆ రోజు తొందరలో ఉన్న గుమస్తా ఏ అక్షరం వేశాడో దాన్నిబట్టే అది మనకు మిగలడమో మిగలకపోవడమో జరుగుతుంది. ఐర్లండులో మంటలకు ఆహుతి కాని 1861, 1871 జనాభా లెక్కల పత్రాలను ప్రభుత్వమే అవసరం లేదని ధ్వంసం చేసింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచయుద్ధంలో కాగితపు గుజ్జుకు పోయాయి. నిప్పు చేసిన పనిలో సగం పనిని కలం కూడా చేసింది.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదం మీకు తెలుసు. భూముల ఫైళ్లు పెద్ద ఎత్తున కాలిపోయాయి. ఎట్లా జరిగిందన్నది దర్యాప్తుకు సంబంధించిన విషయం, దాని గురించి నేను మాట్లాడను. నాకు ఆసక్తి కలిగించినది ఆ తర్వాతి వారాల్లో జరిగిన పని. కాలిన ఫైలు నకలు మండలంలో ఉందా, గ్రామంలో ఉందా, అర్జీదారు ఇంట్లో ఉందా అని వెతకవలసి వచ్చింది. ఆ వెతుకులాట ఎంత బాగా సాగుతుందన్నది, ఏ ఫైలు ఎక్కడికి నకలు పంపిందో రాసిన రిజిస్టరు మీద ఆధారపడి ఉంటుంది.

2004 డిసెంబరు 26 సునామీలో ఇండోనేషియాలోని బాందా ఆచే నగరపు భూమి రికార్డుల ఆఫీసు మునిగింది. బురదలో తడిసిన భూమి పుస్తకాలను గడ్డకట్టించి, అట్లాగే జకార్తాకు చేర్చి, జపాను నిపుణుల సాయంతో ఆరబెట్టారు. అయితే పుస్తకాలు ఎండేదాకా జనం ఆగలేరు కదా. ఇళ్లు పోయినవాళ్లు ఊరూరా కూర్చుని, ఇది నీ గట్టు, ఇది నా గట్టు అని ఇరుగు పొరుగు సాక్ష్యంతో హద్దులు గుర్తించుకున్నారు. మన పల్లెల్లో రచ్చబండ మీద జరిగేది అదే. కానీ బతికున్న సాక్షికి అరవై డెబ్బయ్యేళ్ల జ్ఞాపకమే ఉంటుంది.

నేను గడ్డకట్టించడం అన్న మాట వాడాను. తడిసిన కాగితం విషయంలో మనం చేసే తప్పు ఏమిటంటే, వెంటనే ఎండలో పరచడం. ఎండకు కాగితం మెలి తిరుగుతుంది, సిరా వెలుస్తుంది, కట్ట లోపలి పొరలు తడిగానే ఉండి రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. కొద్దిపాటి కాగితాలైతే నీడలో, ఫ్యాను గాలికి, మధ్య మధ్య అద్దుడు కాగితం పెట్టి ఆరబెట్టవచ్చు. వేల కట్టలైతే అది మనుషుల చేత కాదు. వాటిని విడదీయకుండా, కట్ట కట్టగా శుభ్రమైన గుడ్డలో చుట్టి, సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన గడ్డకట్టిస్తే బూజు ఆగుతుంది, మనకు నెలల వ్యవధి చిక్కుతుంది. ఆ తర్వాత గాలి తీసేసిన గదిలో పెడితే మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. సెయింట్ లూయిస్‌లో తడిసిన ఫైళ్లను ఆరబెట్టడానికి, అంతరిక్ష నౌకలను పరీక్షించే గదిని ఒక విమానాల కంపెనీ నుంచి అడిగి తీసుకున్నారు. మనకు అంత అక్కరలేదు. మామిడి, చింతపండు దాచే శీతల గిడ్డంగులు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. వాటిలో గడ్డకట్టించే గది ఎవరి దగ్గర ఉందో వాన రాకముందే కనుక్కుని, ఫోను నంబరు రికార్డు రూము తలుపు మీద అంటించుకుంటే చాలు. తాటాకు అయితే ఇంకొంచెం మొండిది. పై మసి కొట్టుకుపోయినా గంటంతో గీసిన గాటు ఉంటుంది, మళ్లీ మసి పూస్తే అక్షరం కనబడుతుంది. ఇక్కడ 1939లో దేవస్థానం నెలకొల్పి, తర్వాత విశ్వవిద్యాలయంలో చేరిన ప్రాచ్య పరిశోధనా సంస్థలో పనిచేసినవాళ్లకు ఈ సంగతులు నాకంటే బాగా తెలుసు.

స్కానింగు చేసేస్తున్నాం కదా, ఇక బెంగ ఎందుకని విద్యార్థులు అడుగుతారు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి నిప్పు పుట్టింది. ప్రభుత్వోద్యోగులు తమ పని కాగితాలను దాచుకునే ఉమ్మడి నిల్వలోని 858 టెరాబైట్ల సమాచారం పోయింది. దానికి బయట ఇంకో నకలు లేదు. మరీ పెద్దది కాబట్టి నకలు తీయలేదని చెప్పారు. ఆ సంగతి విన్నప్పుడు నాకు డబ్లిన్ గుర్తొచ్చింది. అన్నీ ఒకే చోటికి చేర్చి భద్రపరిచామనుకున్నారు. ఇక మన వైపు జరుగుతున్న స్కానింగు చూస్తే నాకు వేరే భయం. నేను చూసిన ఒక హార్డ్ డిస్కులో పదివేలకు పైగా ఫోటోలున్నాయి. ఒక్కదానికీ ఊరి పేరు లేదు, సంవత్సరం లేదు. కెమెరా వేసిన నంబరు మాత్రం ఉంది. దాన్ని తెరిచినప్పుడు నాకు మా తాతగారి రసీదే కనిపించింది. మూట కాస్త పెద్దది, అంతే తేడా.

అందుకని ఇవాళ మీ ముందు ఒక పని పెడుతున్నాను. కాగితాన్ని ఇమ్మని అడగను. మీ అటక మీదిది మీ అటక మీదే ఉండనివ్వండి, చర్చి రిజిస్టర్ల కథ విన్నారు కదా. ఇదిగో, ఇది మామూలు రూళ్ల పుస్తకం. వీధిలో షాపువాడి దగ్గర కొన్నాను. అయిదు గళ్లు గీశాను: ఏమిటి, ఏ ఊరిది, ఏ కాలానిది, ఇప్పుడు ఎక్కడుంది, నకలు ఎక్కడుంది. ఈ పుస్తకాన్ని నిండినంతవరకు మూడు చోట్ల మూడు ప్రతులుగా రాయిస్తాను. ఒకటి తిరుపతిలో, ఒకటి చిత్తూరులో, మూడోది ఈ రెండు ఊళ్ల వరద గానీ నిప్పు గానీ చేరని చోట.

మొదటి వరుస నేను రాశాను, చదువుతాను. 1. చెక్కపెట్టె ఒకటి, మా తాతగారిది. అందులో శిస్తు రసీదుల కట్టలు మూడు. ఇనాము భూమికి సంబంధించిన నకలు ఒకటి, అంచులు చెద తిన్నది. చెరువు తూముల బొమ్మ గీసిన కాగితం సగం, మిగతా సగం మూటలో పోయింది. స్వర్ణముఖి ఒడ్డు గ్రామం. 1900కు ముందూ వెనుకా. ప్రస్తుతం తిరుపతిలో మా ఇంట్లో మేడమీద గదిలో ఉంది. నకలు గడి ఖాళీ.

రెండో వరుస ఎవరు రాయిస్తారు?